షట్టర్ లోపల మోగిన ఫోను

(చెన్నైలోని తెలుగు వ్యాపారులు నెలకోసారి కలుసుకునే సమావేశంలో, ఆండర్సన్ వీధిలో శుభలేఖల దుకాణం నడిపే ఒక పెద్దాయన "వ్యాపారానికి వెబ్‌సైట్ ఎందుకు" అనే అంశంపై చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసివేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవారు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఉపన్యాసమంటే వెనక వరుస, భోజనమంటే ముందు వరుస. మనవాళ్ల అలవాటు నాకు తెలియనిది కాదు.

నన్ను వెబ్‌సైట్ గురించి మాట్లాడమన్నారు. నేను కంప్యూటర్ చదువు చదివినవాణ్ని కాను. కార్డు చేతికిస్తే రెండు వేళ్లతో పట్టుకుని దాని మందం చెప్పగలను, అంతవరకే నా విద్య. మా నాన్నగారు పెట్టిన దుకాణంలో నలభై ఏళ్లుగా గల్లా దగ్గర కూర్చుంటున్నాను. అక్కడి నుంచి చూసిన సంగతులే చెబుతాను. అంతకు మించి అడిగితే మా అబ్బాయి ఆ మూల కూర్చున్నాడు, వాణ్ని పట్టుకోండి.

ముందుగా ఒక ఆదివారం సంగతి. గూడూరు నుంచి ఒక పెళ్లికూతురు తండ్రి, ఆయన బావమరిది కార్డుల కోసం బయలుదేరారు. పొద్దున్నే రైలెక్కారు, సెంట్రల్‌లో దిగారు, ఎండలో నడుచుకుంటూ మా వీధికి వచ్చారు. ఆదివారం ఆండర్సన్ వీధి ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? అన్నీ షట్టర్లే. నీడన పడుకున్న కుక్కలు తప్ప పలకరించే దిక్కుండదు. సరే, మా దుకాణం ముందు నిలబడ్డారు. బోర్డు మీద ఫోన్ నంబరు కనిపించింది. ఆయన సెల్‌ఫోను తీసి ఆ నంబరుకు చేశారు. మోగింది. ఎక్కడ మోగింది? షట్టర్ లోపల మోగింది! బయట నిలబడ్డ ఆ ఇద్దరికీ వినిపిస్తూనే ఉంది. "మీ ఫోను మోగడం మేం విన్నామండీ, ఎత్తడానికే ఎవరూ లేరు" అన్నారు ఆయన నాతో. ఎప్పుడు? మరుసటి ఏడాది, రెండో అమ్మాయి పెళ్లికి కార్డులు వేయించడానికి వచ్చినప్పుడు. మొదటి అమ్మాయి కార్డులు నెల్లూరులోనే వేయించుకున్నారట. వేయించుకోరా మరి?

ఆదివారం ఎందుకు వచ్చారు స్వామీ అని అడిగాను. ఇంటర్నెట్‌లో ఏదో దుకాణాల జాబితాలో మా పేరు చూశారట. అందులో "వారానికి ఏడు రోజులు, ఉదయం 10 నుంచి రాత్రి 9 వరకు" అని ఉందట. ఆ మాట మేం చెప్పలేదు. ఎవరు రాశారో తెలియదు. మా దుకాణం వేళలు మాకు తెలియకుండా ఎవరో నిర్ణయించేశారు. నేను వెబ్‌సైట్ పెట్టించడానికి మొదటి కారణం అదీ. వ్యాపారం పెంచుకుందామని కాదు, ఎగుమతులు చేద్దామని కాదు. ఆదివారం సెలవు అని మా నోటితో మేం చెప్పుకునే చోటు ఒకటి ఉండాలని, అంతే.

ఆ బోర్డు గురించి కూడా చెప్పాలి. మా నాన్నగారు రాయించిన బోర్డది. కింద "మద్రాసు 1" అని ఉండేది. 1996లో ఊరి పేరు చెన్నై అయింది, పెయింటర్‌ను పిలిచి మార్పించాం. తర్వాత ఫోన్ నంబర్ల ముందు 2 చేర్చారు, గుర్తుందా? అప్పటికి పాత పెయింటర్ లేడు, కొత్తవాడు వచ్చి ఆ 2 వేశాడు. మిగతా అంకెలన్నీ ఒక తీరు, ఆ 2 ఒక్కటీ మరో తీరు. పెళ్లివారి ఫోటోలో పిలవని చుట్టంలా మొదట నిలబడి ఉంటుంది. ఈ రోజుకీ అలాగే ఉంది, వచ్చి చూడండి.

చిరునామా అన్నది మనం అనుకున్నంత గట్టిది కాదని చెప్పడానికే ఇదంతా. మన కళ్ల ముందు జరిగినదే చూడండి. కూరగాయల టోకు వ్యాపారం ఎక్కడ ఉండేది? కొత్వాల్ చావడిలో. ఇక్కడ కూర్చున్నవారిలో కొందరి తాతలు అక్కడ మండీలు నడిపినవారే. 1996లో అది కోయంబేడుకు తరలింది. కొత్వాల్ చావడిలో ఫలానా గుమ్మం, ఫలానా మెట్లు అని గుర్తు పెట్టుకున్న కొనుగోలుదారులు ఎంతమంది దారి తప్పి ఉంటారు? పోనీ కోయంబేడైనా స్థిరమా? 2020 మే నెలలో కరోనా వల్ల దాన్ని మూసి, కూరగాయల మార్కెట్‌ను తిరుమళిశైకి పంపారు. కొన్ని నెలల తర్వాత మళ్లీ కోయంబేడు. సరుకు అదే, మనిషి అదే, చిరునామా మాత్రం బంతిలా ఎగిరింది.

ఇంటర్నెట్‌లో పేరు ఈ ఇబ్బందిని తీరుస్తుంది. ఎలాగో చెబుతాను, మా అబ్బాయి నాకు చెప్పిన పద్ధతిలోనే. మన వెబ్‌సైట్‌లోని బొమ్మలు, రాతలు అన్నీ ఎక్కడో ఒక కంప్యూటర్‌లో ఉంటాయి. అది గోదాము. దానికి అంకెలతో ఒక నంబరు ఉంటుంది, అది గోదాము తలుపు నంబరు. మనం పెట్టుకున్న డాట్ కామ్ పేరో, డాట్ ఇన్ పేరో, అది మన దుకాణం పేరు. ఈ పేరు అడిగితే ఆ తలుపు నంబరు చూపించే పట్టీ ప్రపంచమంతటికీ ఒకటి ఉంది. గోదాము యజమాని అద్దె పెంచాడు, లేదా సరిగ్గా చూసుకోవడం లేదు. ఏం చేస్తాం? సరుకు మరో గోదాములో దింపి, పట్టీలో తలుపు నంబరు మార్పించుకుంటాం. గిరాకీకి తెలియనే తెలియదు. కార్డు మీద అచ్చయిన పేరు అదే, సంచీ మీద పేరు అదే. కొత్వాల్ చావడి నుంచి కోయంబేడుకు పోయినా, కోయంబేడు నుంచి తిరుమళిశైకి పోయినా, పేరు పలికితే మన గుమ్మం ముందే దిగుతారు. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతాదంతా సులువు.

ఇక్కడ మీలో చాలామంది అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. "మాకు వాట్సాప్ ఉంది, ఇన్‌స్టాగ్రామ్ ఉంది, అందులోనే బొమ్మలు పెడతాం, ఆర్డర్లు వస్తాయి, ఇంకా ఈ వెబ్‌సైట్ ఎందుకు?" మంచి ప్రశ్న. అవి వద్దని నేను అనను. మాకూ ఉన్నాయి. సగం ఆర్డర్లు వాట్సాప్‌లోనే ఖాయమవుతాయి. కానీ అవి తిరునాళ్లలో వేసుకున్న అంగడి లాంటివి. జనం ఉంటారు, గోల ఉంటుంది, అమ్మకం ఉంటుంది. ఆ నేల మాత్రం మనది కాదు.

ఫేస్‌బుక్ కంటే ముందు మనవాళ్లంతా అలాగే వాడిన ఆర్కుట్ గుర్తుందా? మీ పిల్లలను అడగండి. 2014 సెప్టెంబరు 30న మూతపడింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో మామూలు వాడకందారులకు మూసేశారు. టిక్‌టాక్‌లో చీరలు చూపించి అమ్మినవారు ఎంతమంది? 2020 జూన్ 29న ప్రభుత్వం నిషేధించింది. నిషేధం సరా కాదా అన్నది నా విషయం కాదు, పొద్దున్నే లేచేసరికి అంగడి లేదు, అదీ నా విషయం. 2021 అక్టోబరు 4న రాత్రి తొమ్మిది దాటాక ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ఒక్కసారే ఆగిపోయాయి. సుమారు ఆరు గంటలు. శత్రువులు ఎవరూ కాదు, వాళ్ల ఇంట్లోవాళ్లే మరమ్మతు చేస్తూ ఒక ఆదేశం తప్పుగా ఇచ్చారు. దాంతో ఇందాక చెప్పాను చూడండి, పేరు అడిగితే తలుపు నంబరు చూపించే పట్టీ, ఆ పట్టీకి వాళ్లే అందకుండా పోయారు.

ఇంకొకటి. గూగుల్ మ్యాప్‌లో దుకాణం నమోదు చేసుకున్నవారికి, నాలుగు బొత్తాలు నొక్కితే ఉచితంగా ఒక చిన్న వెబ్‌సైట్ తయారుచేసి ఇచ్చేది గూగుల్. చాలామంది చిన్న వ్యాపారులు తీసుకున్నారు. 2024 మార్చిలో ఆ సౌకర్యం ఆపేశారు. ముందే చెప్పారు, మోసమేమీ చేయలేదు. ఉచితంగా ఇచ్చారు, ఇక ఇవ్వమన్నారు. చుట్టం ఇంట్లో గది ఇచ్చాడనుకోండి, వాళ్ల అబ్బాయికి పెళ్లయితే ఖాళీ చేయాలి కదా? అలిగి లాభం లేదు.

(ముందు వరుసలో ఒకరు: "డొమైన్ పేరుకు, అంటే ఆ డాట్ కామ్, డాట్ ఇన్ పేరుకు కూడా ఏటా డబ్బు కట్టాలి కదా, అయితే అదీ అద్దే కదా?")

అయ్యా, భలే పట్టుకున్నారు. నిజమే, అదీ సొంతం కాదు. ఒకసారికి పదేళ్లకు మించి ఎవరూ ఇవ్వరు. కానీ ఇది గుడి భూమి కౌలు లాంటిది. మన జార్జ్‌టౌన్‌లో గుడి స్థలంలో మూడు తరాలుగా ఉన్నవారు లేరా? గడువుకు ముందే కట్టేస్తూ ఉన్నంతకాలం కదిలించేవారు లేరు. కట్టకపోతే మాత్రం దేవుడు కూడా కాపాడడు. ఆ అనుభవం నాకుంది, చెబుతాను.

మేం మొదట వెబ్‌సైట్ పెట్టించినప్పుడు తెలిసినవాళ్ల అబ్బాయి ఒకడు చేసిపెట్టాడు. మంచి కుర్రాడు, తక్కువ డబ్బు తీసుకున్నాడు. నేనేం చేశాను? "అన్నీ నువ్వే చూసుకో నాయనా" అన్నాను. ఈ మాట వ్యాపారంలో ఎక్కడా అనం. గల్లా తాళం ఇచ్చి నువ్వే చూసుకో అంటామా? అక్కడ మాత్రం అనేశాం. వాడు మా దుకాణం పేరును తన పేరు మీద, తన మెయిలుతో తీసుకున్నాడు. దురుద్దేశం లేదు, వాడికి అదే సులువు. మూడేళ్లకు వాడికి విదేశంలో ఉద్యోగం వచ్చింది. గడువు ముగుస్తోందని వచ్చిన ఉత్తరాలన్నీ వాడు చూడని మెయిలుకు పోయాయి. మాకు ఎలా తెలిసింది? తిరుపతి నుంచి ఒకాయన ఫోను చేసి, "ఏమండీ, శుభలేఖల దుకాణం అనుకున్నాను, ఇందులో పేకాట వస్తోంది" అన్నారు. పెళ్లి కార్డులు వెతుక్కునేవారికి మేం రమ్మీ చూపిస్తున్నాం!

అప్పటికి ఆ పేరు అచ్చేసిన సంచులు అటకమీద కట్టలు కట్టలుగా ఉన్నాయి. పాత పేరు మీద కొత్త పేరు స్టిక్కర్ అంటిస్తూ మా ఆవిడ, మా కోడలు, నేను, రాత్రిళ్లు కూర్చున్నాం. స్టిక్కర్ వంకరగా పడితే పాత పేరు చివర కాస్త బయటికి కనిపిస్తుంది. ఆ సంచులు అయ్యేవరకూ ప్రతి గిరాకీకి సంచీ ఇస్తున్నప్పుడు నా కన్ను ఆ స్టిక్కర్ మీదే ఉండేది.

డాట్ కామ్ పేరు గడువు దాటితే వెంటనే పోదు, అది తర్వాత తెలుసుకున్నాను. అమ్మిన సంస్థ కొన్నాళ్లు ఆగుతుంది. ఆ తర్వాత 30 రోజులు ఇంకో అవకాశం ఉంటుంది, జరిమానా మాత్రం గట్టిగా పడుతుంది. అదీ దాటితే మరో 5 రోజులకు పేరు బజారున పడుతుంది, ఎవరైనా ఎగరేసుకుపోవచ్చు. మనలాంటివాళ్లం మరిచిపోయామంటే సరే. మైక్రోసాఫ్ట్ కూడా మరిచిపోయింది తెలుసా? 1999 డిసెంబరులో, సరిగ్గా క్రిస్మస్ రోజుల్లో, హాట్‌మెయిల్ అనే వాళ్ల మెయిలు సేవ తెరవడానికి కావలసిన పాస్‌పోర్ట్ డాట్ కామ్ పేరుకు డబ్బు కట్టడం మరిచారు. ఎవరో ఒక ప్రోగ్రామర్ తన మెయిలు తెరుచుకోకపోతే కారణం వెతికి, తన కార్డుతో 35 డాలర్లు కట్టాడు. అంత పెద్ద సంస్థ గల్లా దగ్గర కూడా నాలాంటివాడు ఒకడు కూర్చున్నాడని తెలిసి నాకు కాస్త ఊరట కలిగింది.

కాబట్టి ఇది రాసుకోండి, మిగతావి రాసుకోకపోయినా ఫరవాలేదు. పేరు మీ పేరు మీద ఉండాలి. మెయిలు మీది, ఫోన్ నంబరు మీది, రహస్య పదం మీ దగ్గర. డిజైన్ ఎవరైనా చేయనివ్వండి, గోదాము ఎవరిదైనా కానివ్వండి. ఆ పేరు ఒక్కటీ ఇంటి దస్తావేజులా బీరువాలో ఉండాలి. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకండి, రెండో ఏడాది ధర అడగండి. తొంభై తొమ్మిది రూపాయలకే అని పిలిచేవారు తర్వాత ఎంత తీసుకుంటారో అక్కడే కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. డాట్ కామ్ దొరక్కపోతే బెంగపడవద్దు, 2005 నుంచి డాట్ ఇన్ పేర్లు అందరికీ సులువుగా దొరుకుతున్నాయి. మేం ఇప్పుడు అందులోనే ఉన్నాం. తెలుగు లిపిలోనే డాట్ భారత్ అని కూడా తీసుకోవచ్చు. ముచ్చటైన విషయమే, కానీ దాన్ని రెండోదిగా ఉంచుకోండి. మన గిరాకీ చాలామంది తెలుగు మాటను కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడుతున్నారు.

ఇక సైట్‌లో ఏం పెట్టాలి? దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే డబ్బంతా ఇక్కడే వృథా అవుతోంది. మన వీధుల్లోని దుకాణాల సైట్లు చూస్తుంటాను. తెరవగానే ఏం కనిపిస్తుంది? కోట్లు వేసుకున్న నలుగురు తెల్లవాళ్లు గాజు మేడలో చేతులు కలుపుకుంటుంటారు. అయ్యా, రట్టన్ బజారులో పాత్రలు అమ్మే మన దుకాణానికి వాళ్లు ఎప్పుడు వచ్చారు? కింద "ప్రపంచ స్థాయి నాణ్యత, వినియోగదారుడే దేవుడు" అని ఉంటుంది. ధర ఉండదు. వేళలు ఉండవు. చిరునామా చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. గూడూరు నుంచి రైలెక్కే మనిషికి కావలసింది ఆ తెల్లవాళ్ల చేతులా?

మా మొదటి సైట్ కూడా అలాంటిదే, దాచుకోవడం దేనికి. కొత్తది చేయించేటప్పుడు మా అబ్బాయి ఒక మాట అడిగాడు. "నాన్నా, గల్లా దగ్గర నిన్ను జనం రోజూ ఏం అడుగుతారు?" ధర అడుగుతారు అన్నాను. "అది కాక?" ఆలోచించాను. ధర కంటే ముందు వాళ్లు అడిగేవి వేరే ఉన్నాయి. చి.ల.సౌ. ఎవరికి వేయాలి, చి. ఎవరికి వేయాలి? తాతగారు కాలం చేశారు, ఆయన పేరు వేయవచ్చా, వేస్తే ముందు ఏం వేయాలి? ఇద్దరే కూతుళ్లు, చిన్నమ్మాయిని ద్వితీయ పుత్రిక అనాలా, కనిష్ఠ పుత్రిక అనాలా? ఇవన్నీ ఒక ఎత్తు. అసలు గొడవ ముహూర్తం దగ్గర వస్తుంది. పంతులుగారు గురువారం రాత్రి 2 గంటల 17 నిమిషాలకు అని రాసిస్తారు. మనకు సూర్యోదయం నుంచి సూర్యోదయం వరకు ఒకే వారం. గడియారానికి మాత్రం అర్ధరాత్రి దాటగానే శుక్రవారం, తేదీ మారిపోయింది. కార్డు మీద ఏ తేదీ వేయాలి? తప్పు వేస్తే సగం చుట్టాలు ముందురోజు రాత్రి, సగం మరుసటి రోజు రాత్రి దిగుతారు. ఇలాంటిది నిజంగా జరిగింది, ఏ ఇంట్లోనో చెప్పను. అందుకే "గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం" అని పెట్టి, పక్కనే తేదీ రెండు విధాలుగానూ అర్థమయ్యేలా రాయాలి.

నలభై ఏళ్లుగా ఇదే సమాధానం నోటితో చెబుతున్నాను. మా అబ్బాయి దాన్ని నా చేత రాయించి ఒక పేజీ చేశాడు. మరో పేజీలో శుభలేఖ వాక్యాల నమూనాలు పెట్టాడు, నచ్చితే కాపీ చేసుకోవచ్చు. డబ్బు అడగం, ఫోన్ నంబరు అడగం. ఉచితంగా ఇస్తే కార్డులు ఎవరు కొంటారురా అన్నాను. ఇప్పుడు ఏమైంది? మా సైట్‌లో కార్డుల బొమ్మల పేజీ కంటే ఆ ముహూర్తం పేజీకే ఎక్కువమంది వస్తారు. అదీ ఎక్కువగా రాత్రి పూట. లగ్నపత్రిక రాసుకుని వచ్చిన రోజు రాత్రి ఇంట్లో పడే తర్జనభర్జన మీకు తెలియదా? ఆ గదిలో ఎవరో ఫోను తీసి వెతుకుతారు, మా పేజీ తగులుతుంది. సమాధానం దొరికినవారు కింద చిరునామా చూస్తారు. అందరూ చూడరు. చూసినవారిలో కొందరు వస్తారు. వచ్చి ఏమంటారు? "ఆ తెల్లవారితే సంగతి రాసింది మీరేనా?" అంటారు. ఇక బేరం పెద్దగా ఉండదు. నమ్మకం ఇంట్లోనే కుదిరిపోయింది, దుకాణానికి వచ్చాక కాదు.

మీలో ఆయుర్వేద మందుల వ్యాపారులు ఉన్నారు, పాత్రలవారు ఉన్నారు, పట్టుచీరలవారు ఉన్నారు. మిమ్మల్ని రోజూ అడిగే ప్రశ్న ఏదో మీకు తెలుసు. ఇత్తడి పాత్రకు కళాయి ఎన్నాళ్లకోసారి వేయించాలి? పట్టుచీర మడతలో ఎన్నాళ్లు ఉంచవచ్చు? దానికి మీరు గల్లా దగ్గర చెప్పే సమాధానం ఎవరి పుస్తకంలోనూ ఉండదు. రాయండి. భాష బాగుండాలని బెంగ వద్దు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ పేజీని తెలుగులో అక్షరాలుగా రాయాలి, బొమ్మగా పెట్టకూడదు. మా వృత్తిలో ఈ పొరపాటు సహజం. అచ్చు కోసం మేం వాడే పాత తరహా ఫాంట్లలో అక్షరం లోపల నిజానికి ఇంగ్లీషు గుర్తే ఉంటుంది, పైకి తెలుగులా కనిపిస్తుంది. దాన్ని తీసి సైట్‌లో అంటిస్తే మన కంప్యూటర్‌లో బాగానే ఉంటుంది, అవతలివారికి గజిబిజి గీతలు కనిపిస్తాయి. సరే కదా అని ఫోటో తీసి పెడతాం. చదివే మనిషికి ఫరవాలేదు, కానీ ఫోటోలోని మాటలు వెతికే యంత్రానికి మాటల్లా సరిగ్గా అందవు. ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా కనిపించేలా అన్ని భాషల అక్షరాలకూ నంబర్లు ఇచ్చే పద్ధతి ఉంది, దాని పేరు యూనికోడ్. తెలుగుకు దాని మొదటి కూర్పులోనే, అంటే 1991లోనే చోటు దొరికింది. ఇంకా మనం ఫోటోలు పెడుతూ కూర్చుంటే తప్పు ఎవరిది? ఇప్పుడు పిల్లలు వెతకడం కూడా తగ్గించారు, కృత్రిమ మేధను నేరుగా ప్రశ్న అడిగేస్తున్నారు. అది కూడా ఎక్కడో రాసి ఉన్నది చదివే చెప్పాలి కదా. మన సంగతి మనం రాయకపోతే, గూడూరు ఆయనకు ఏడు రోజులూ తెరిచి ఉంటుందని చెప్పిన ఆ జాబితానే చదివి చెబుతుంది.

అందరికీ వెబ్‌సైట్ కావాలా? అక్కర్లేదు. ఇది కూడా చెప్పాలి, లేకపోతే అమ్మకానికి వచ్చినవాడిలా ఉంటాను. కపాలీశ్వరుడి గుడి దగ్గర పూలమ్మే ఆమెకు వెబ్‌సైట్ ఎందుకు? వీధి చివర టిఫిన్ సెంటరుకు మ్యాప్‌లో సరైన గుర్తు, సరైన ఫోన్ నంబరు ఉంటే చాలు. అది మాత్రం మీరే నమోదు చేసి, అప్పుడప్పుడూ చూసుకుంటూ ఉండండి. మ్యాప్‌లో మార్పులు ఎవరైనా సూచించవచ్చు, అది మరవకండి. కొనేవాడు ఇంట్లో కూర్చుని నిర్ణయించుకుని బయలుదేరే వ్యాపారాలు కొన్ని ఉంటాయి. మనల్ని ఎరగనివాడు పెద్ద మొత్తం అప్పగించాల్సిన వ్యాపారాలు ఉంటాయి. అలాంటివారికి తప్పదు. ఆసుపత్రులకో, కంపెనీలకో సరుకు వేసేవారు కూడా గమనించండి. వాళ్ల కొనుగోలు విభాగం మన పేరు చూడగానే వెతుకుతుంది. మన దుకాణం పేరుతోనే ఉన్న మెయిలు నుంచి కొటేషన్ వెళితే చదివే తీరు వేరుగా ఉంటుంది. నాకు ఇది అనుభవం.

పెద్ద ఆన్‌లైన్ అంగళ్లలో అమ్మకాల మాట కూడా అడుగుతున్నారు. అమ్మండి. కాకపోతే అక్కడ మన సరుకు పక్కనే పక్కవాడి సరుకు, కిందే ఇంకొకడిది, అంతకంటే రూపాయి తక్కువకు. మన గుమ్మం మీద నలుగురి బోర్డులు. పైగా కొన్నవారు ఎవరో, మళ్లీ వాళ్లను ఎలా పలకరించాలో మనకు తెలియదు. మా నాన్నగారి దగ్గర ఒక ఎర్ర అట్ట పుస్తకం ఉండేది. పెద్దమ్మాయి పెళ్లికి కార్డులు తీసుకున్నవారి ఊరు, పేరు, రెండో పిల్ల వయసు కూడా అందులో ఉండేవి. ఆ పుస్తకం ఇంకొకరి చేతిలో పెట్టి వ్యాపారం చేయడం నాకు మింగుడుపడదు. మీకు కుదిరితే చేయండి.

సొంత సైట్‌లో నేరుగా అమ్మేవారు 2020లో వచ్చిన ఇ-కామర్స్ నిబంధనలు ఒకసారి చదువుకోండి. పేరు, చిరునామా ఉండాలి, ఫిర్యాదులు తీసుకునే మనిషి వివరం ఉండాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. మీ ఆడిటర్‌ను అడిగితే చెబుతారు, ఇక్కడ సాగదీయను.

ఇంకో చిన్న మాట, ఇది చెప్పకుండా కూర్చుంటే నాకు తృప్తి ఉండదు. మైలాపూరులో నాగేశ్వరరావు పార్కులో నడిచేవారు ఇక్కడ ఎందరు? చేతులెత్తండి. ఆ, చాలామందే ఉన్నారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత సభల్లో ఆ మందు ఉచితంగా పంచేవారని చెబుతారు. ఇప్పటి మాటలో ఇన్‌స్టాగ్రామ్ అదే, జనం ఉన్నచోటికి మనం వెళ్లడం. కానీ అక్కడితో ఆగారా? 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు, 1914లో మద్రాసుకు వచ్చి దినపత్రిక చేశారు. ఆయన పత్రిక పెట్టింది భాష కోసం, దేశం కోసం. దాన్ని తలనొప్పి మందు ప్రకటన స్థాయికి దించితే నాకు పాపం చుట్టుకుంటుంది. అయినా వ్యాపారి కంటితో చూడకుండా ఉండలేను. మందు అమ్మే మనిషికి ఊరి పత్రికలో జాగా కోసం ఎదురుచూసే అవసరం లేకుండా పోయింది. తన మాట అచ్చయ్యే చోటు తనకే ఉంది. ఆ రోజుల్లో దానికి అచ్చుయంత్రం కావాలి, కాగితం కావాలి, కంపోజిటర్లు కావాలి. ఇప్పుడు? మామూలు డాట్ ఇన్ పేరుకు ఏడాదికి అయ్యే ఖర్చు, మన ఇంట్లో పెళ్లికి ఒక రోజు కిళ్లీల ఖర్చు కూడా కాదు.

సైట్ పెట్టగానే జనం విరగబడతారని మాత్రం ఎవరైనా చెబితే నమ్మకండి. మాకు మొదటి ఆరు నెలలు ఈగలు కూడా వాలలేదు. వచ్చిన ఒకే ఒక్క ఫోను, సైట్ ఇంకా బాగా చేసిపెడతామంటూ అమ్ముకునేవాళ్లది. రాస్తూ పోయాం. సంచీ మీద వేశాం, బిల్లు మీద వేశాం, వాట్సాప్‌లో అడిగినవారికి ఆ పేజీ పంపాం. మెల్లగా అలవాటైంది. పాత ధరలు ఉంచకండి, అది అన్నింటికంటే చెడ్డది. ధర మారితే ఆ రాత్రే మార్చండి. మా ఇంట్లో ఆ పని మా కోడలిది, భోజనాలయ్యాక పది నిమిషాలు.

టిఫిన్లు వచ్చినట్టున్నాయి, వెనక వరుస లేస్తోంది. మీ సైట్ ఎవరి పేరు మీద ఉందో చూసుకోవాలనుకునేవారు, డొమైన్ కొన్న బిల్లు తీసుకుని మా దుకాణానికి రండి. మా అబ్బాయి చూసి చెబుతాడు, కాఫీ నేను ఇప్పిస్తాను. బోర్డు మీద వంకర 2 ఉన్న దుకాణం. ఆదివారం మాత్రం రాకండి. సెలవని సైట్‌లో రాసే ఉంది.